నడుములోని స్క్రూలు: వాటి పని ఎంతవరకు?

నా నడుములో నాలుగు టైటానియం స్క్రూలు, వాటిని కలుపుతూ రెండు రాడ్లు, నడుము భాగపు నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య డిస్క్ ఉండవలసిన చోట కేజ్ అనే, ఎముక నింపే ఒక చిన్న బుట్ట ఉన్నాయి. ఈ సంగతి తెలిసినవారు వేసే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అవి ఏ కంపెనీవి, ఏ లోహంతో చేసినవి, తుప్పు పడతాయా, ఎన్నేళ్లు పనిచేస్తాయి, విమానాశ్రయంలో మోగుతాయా అని అడుగుతారు. అదే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు గాని, వారి పిల్లలు గాని నాతో మాట్లాడినప్పుడు కూడా సంభాషణ ఇక్కడే మొదలై చాలాసార్లు ఇక్కడే ముగుస్తుంది. ఎముక అతికిందా అని అడిగినవారు చాలా అరుదు.

నిజానికి అడగవలసిన ప్రశ్న అదే. లంబార్ ఫ్యూజన్ అంటే నడుము భాగంలోని రెండు లేదా అంతకన్నా ఎక్కువ వెన్నుపూసల మధ్య కొత్త ఎముక పెరిగి, అవి ఒకే ఎముకగా మారడం. స్క్రూలు, రాడ్లు, కేజ్ ఆ మార్పును తీసుకురావు. ఆ మార్పు జరిగేదాకా వెన్నుపూసలను కదలకుండా పట్టి ఉంచి, ఎముకకు కావలసిన వ్యవధిని సంపాదించి పెడతాయి. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఆపరేషన్ అవసరమా కాదా అనే నిర్ణయం దగ్గర నుంచి, తరువాత ఏడాది పాటు రోగి పాటించవలసిన జాగ్రత్తల దాకా అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. ఇంప్లాంట్‌నే చికిత్స అనుకోవడం వల్ల రోగులు నష్టపోతున్నారని నా గట్టి నమ్మకం, ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే ఈ వ్యాసం.

వెన్నుపూసలను అతికించే శస్త్రచికిత్స మొదలైనప్పుడు అందులో లోహం లేదు. 1911లో అమెరికాలో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ పద్ధతిని ప్రచురించారు. అప్పట్లో వారిని వేధించిన జబ్బు వెన్నెముకకు పట్టే క్షయ. ఆ జబ్బులో వెన్నుపూసలు కుంగి, వీపు గూనుగా వంగిపోయేది. ఆల్బీ రోగి కాలి పిక్క ముందరి ఎముక నుంచి ఒక బద్దను తీసి, చీల్చిన వెన్నుముళ్ల మధ్య అమర్చాడు. హిబ్స్ వెన్నుపూసల వెనుక భాగంలోని ఎముకనే చిన్న చిన్న పలకలుగా లేపి, ఒక పూస నుంచి మరో పూసకు వంతెనగా పరిచాడు. ఆ తరువాత రోగి నెలల తరబడి మంచం మీద, పిండికట్టులో, కదలకుండా ఉండవలసిందే. కొందరికి ఎముక అతికేది, కొందరికి అతికేది కాదు. నడుము దిగువ భాగంలో వైఫల్యం మరీ ఎక్కువ, ఎందుకంటే శరీరపు పై భాగం బరువంతా అక్కడే పడుతుంది, వంగినా లేచినా కదలిక అక్కడే ఎక్కువ.

లోహం ప్రవేశించింది ఈ కదలికను ఆపడానికే. 1944లో డాన్ కింగ్ వెన్నుపూసల వెనుక కీళ్ల మీదుగా పొట్టి స్క్రూలు బిగించి, రోగులను త్వరగా లేపి నడిపించడానికి ప్రయత్నించాడు. 1959లో కెనడాకు చెందిన బూషే అంతకన్నా పొడవైన స్క్రూలను పెడికిల్ అనే పొట్టి ఎముక కంబం గుండా వెన్నుపూస లోపలికి పంపాడు. 1963లో పారిస్‌లో రేమండ్ రోయ్-కామీ పెడికిల్ స్క్రూలను పలకలతో కలిపి వాడడం మొదలుపెట్టాడు. 1980ల నాటికి అమెరికాలో ఆర్థర్ స్టెఫీ వంటివారి చేతుల మీదుగా ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఈ చరిత్ర అంతటిలోనూ లోహం ఎముక అతుకుకు సహాయకారిగానే వచ్చింది, దాని స్థానంలోకి రావడానికి కాదు.

పెడికిల్ అనేది వెన్నుపూస వెనుక భాగాన్ని ముందున్న బరువు మోసే భాగంతో కలిపే పొట్టి ఎముక కంబం. ఒక్కో పూసకు ఇటొకటి అటొకటి ఉంటాయి. వాటి లోపలి అంచు పక్కనే నరాల సంచి, దిగువ అంచు కిందనే బయటికి పోయే నరం ఉంటాయి. నడుములో సాధారణంగా 5.5 నుంచి 7.5 మిల్లీమీటర్ల మందం, 40 నుంచి 50 మిల్లీమీటర్ల పొడవు గల స్క్రూను ఆ కంబం గుండా ముందు భాగం దాకా పంపుతారు. కొన్ని మిల్లీమీటర్లు లోపలికి తప్పితే నరం గాయపడవచ్చు, బయటికి తప్పితే పట్టు దొరకదు. స్క్రూ తల ఎటు కావాలంటే అటు తిరిగేలా ఉంటుంది. దాని గాడిలో 5.5 లేదా 6 మిల్లీమీటర్ల రాడ్‌ను కూర్చోబెట్టి, పైనుంచి చిన్న మరతో బిగిస్తారు. వెన్నుపూసలోని ముందు, మధ్య, వెనుక అనే మూడు నిలువు భాగాలనూ ఒకేసారి పట్టుకోగలిగేది ఈ స్క్రూ ఒక్కటే కావడం వల్ల, అంతకుముందు వాడిన తీగలు, కొక్కేలు నడుము ఫ్యూజన్‌లో క్రమంగా వెనుకబడ్డాయి.

ఇంత గట్టి అమరికకు కూడా ఒక గడువు ఉంది. స్లాబు పోసినప్పుడు కింద కట్టే సెంట్రింగ్ వంటిది ఇది. కాంక్రీటు గట్టిపడేదాకా బరువు మోయడమే దాని పని, కాంక్రీటే గట్టిపడకపోతే ఆ సెంట్రింగ్ ఎంత బలమైనదైనా ఇంటిని శాశ్వతంగా నిలబెట్టలేదు. నడిచే ప్రతి అడుగుకూ, వంగే ప్రతిసారీ రాడ్ మీద భారం పడి, తగ్గి, మళ్లీ పడుతుంది. ఎముక అతికితే ఆ భారాన్ని ఎముక తన మీదికి తీసుకుంటుంది. అతకకపోతే భారమంతా లోహం మీదే కొనసాగి, కొంతకాలానికి రాడ్ అలసి విరుగుతుంది, లేదా స్క్రూ చుట్టూ ఉన్న ఎముక అరిగి స్క్రూ వదులవుతుంది. ఎముక అతుకుకూ లోహపు అలసటకూ మధ్య ఇది ఒక పందెమని సర్జన్లు చెప్పుకోవడం దశాబ్దాలుగా ఉన్నదే. ఆపరేషన్ తరువాత రెండు మూడేళ్లకు రాడ్ విరిగిందని విన్నప్పుడు నాసిరకం లోహమని అందరూ తీర్మానించేస్తారు. చాలా సందర్భాల్లో అసలు కారణం అక్కడ అతుకు పడకపోవడమే, విరిగిన రాడ్ ఆ సంగతిని బయటపెడుతుంది.

ఇక కేజ్ సంగతి. నిలబడిన మనిషి నడుములో బరువులో సుమారు 80 శాతం వెన్నుపూసల ముందు భాగం గుండానే దిగుతుంది. ఎముకకు నొక్కుడు బలం తగిలిన చోట అది బలపడుతుందని, తగలని చోట పలచబడుతుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. అందువల్ల వెనుక వైపు మాత్రమే ఎముక పరచడం కన్నా, డిస్క్‌ను తీసివేసి రెండు పూసల మధ్యనే ఎముకను ఉంచితే అతుకుకు మంచి అవకాశం ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఒట్టి ఎముక ముక్కలు ఆ బరువుకు నలిగి కుంగిపోతాయి. దీనికి పరిష్కారం గుర్రాల వైద్యం నుంచి వచ్చిందన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. మెడలో నరాల దారి ఇరుకై తూలి నడిచే గుర్రాల కోసం జార్జ్ బాగ్బీ అనే అమెరికన్ సర్జన్ రంధ్రాలున్న స్టెయిన్‌లెస్ స్టీల్ బుట్టను రూపొందించి, దానిలో ఎముక పొడి నింపి పూసల మధ్య అమర్చాడు. బుట్ట బరువును మోసింది, రంధ్రాల గుండా ఎముక పెరిగింది. స్టీఫెన్ కుస్లిచ్‌తో కలిసి దాన్ని మనుషుల నడుముకు తగినట్టు టైటానియంతో మార్చగా, 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. నేడు వాడే కేజ్‌లన్నీ ఆ ఆలోచనకు వారసులే. అవి డిస్క్ ఎత్తును తిరిగి నిలబెడతాయి, దానివల్ల పక్క నుంచి బయటికి పోయే నరానికి చోటు పెరుగుతుంది. వాటి మధ్యలోని ఖాళీలో ఎముక ఉంటుంది. నా దృష్టిలో కేజ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఆ ఖాళీయే.

టైటానియమా, పీక్ అనే ప్లాస్టిక్కా అన్న ప్రశ్న ఇప్పుడు రోగుల దాకా కూడా వచ్చింది. రెండింటి పక్షానా మంచి వాదనలే ఉన్నాయి. ఒక పదార్థం ఎంత బిగువుగా ఉంటుందో కొలిచే గిగాపాస్కల్ లెక్కలో టైటానియం మిశ్రమం సుమారు 110, ఎముక పై పొర సుమారు 12 నుంచి 20, పీక్ మూడు నాలుగు మాత్రమే. మరీ బిగువైన వస్తువు బరువంతా తానే మోసి, పక్కనున్న ఎముకకు నొక్కుడు తగలనివ్వదని, పైగా మెత్తని వెన్నుపూసలోకి దిగబడుతుందని పీక్‌ను సమర్థించేవారి వాదన. పీక్ ఎక్స్‌రేకు అడ్డురాదు కాబట్టి లోపల ఎముక పెరుగుతున్నదో లేదో చూడడం తేలిక అని కూడా అంటారు. అది నిజమే. కాని నున్నని పీక్‌కు ఎముక అంటుకోదు, రెండింటి మధ్య పలుచని పీచు పొర ఏర్పడుతుంది. టైటానియం పైపొర మీద ఎముక కణాలు నేరుగా నాటుకుంటాయి. ఈ వైరుధ్యాన్ని తప్పించడానికే త్రీడీ ప్రింటింగ్‌తో స్పంజి వంటి సచ్ఛిద్ర టైటానియం కేజ్‌లు వచ్చాయి. వాటి నిర్మాణంలో ఖాళీలు ఉండడం వల్ల బిగువు తగ్గుతుంది, ఎముక ఆ ఖాళీల్లోకి పెరగగలదు.

ఈ వివరాలన్నీ ఆసక్తితో చదివిన తరువాత నేను చేరిన అభిప్రాయం ఏమిటంటే, ఈ ఎంపిక సర్జన్‌కు వదిలేయవలసినది. ఆయన చేయి ఏ పరికరానికి అలవాటు పడిందన్నది ఆ పదార్థపు గుణాల కన్నా ఎక్కువ విలువైనది. అంతకన్నా ముఖ్యమైనది, ఎవరి సంభాషణలోనూ రానిది మరొకటి ఉంది. డిస్క్‌ను తీసేటప్పుడు పూసల అంచుల మీది మృదులాస్థి పొరను పూర్తిగా గీకి, కింది ఎముక పలక పగలకుండా, నెత్తురు చెమ్మ కనిపించేదాకా శుభ్రం చేయడమే ఆ పని. దీన్ని ఓపికగా చేయకపోతే ఎంత గొప్ప కేజ్ పెట్టినా ఎముక దాటి రాదు. మరీ గట్టిగా గీకి పలకను పగలగొడితే కేజ్ కుంగిపోతుంది. ఈ పనికి ఏ ప్రచార పత్రంలోనూ బొమ్మ ఉండదు, ఎందుకంటే అందులో అమ్మడానికి వస్తువు లేదు.

లోహం అతుకుకు ఎంత తోడ్పడుతుంది, అతుకు ఉపశమనానికి ఎంత తోడ్పడుతుంది అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వీటిని విడదీసి చూపిన అధ్యయనం 1997లో వచ్చింది. పూస జారి, నరాల దారి ఇరుకైన రోగులకు జెఫ్రీ ఫిష్‌గ్రండ్ బృందం నరాల మీది ఒత్తిడిని తొలగించి, ఎముక పరచి, లాటరీ పద్ధతిలో కొందరికి పెడికిల్ స్క్రూలు బిగించి, కొందరికి బిగించకుండా వదిలింది. రెండేళ్ల తరువాత స్క్రూలు ఉన్నవారిలో 82 శాతం మందికి, లేనివారిలో 45 శాతం మందికి ఎముక అతికింది. ఇంత తేడా ఉన్నా, బాగుంది లేదా చాలా బాగుంది అనదగిన ఫలితం పొందినవారు స్క్రూలున్నవారిలో 76 శాతం, లేనివారిలో 85 శాతం. అంటే రెండేళ్ల నాటికి నొప్పి విషయంలో స్క్రూల వల్ల అదనపు మేలు కనిపించలేదు.

ఈ ఫలితాన్ని పట్టుకుని స్క్రూలు వృథా అనేవారు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. స్క్రూలు లేకుండా ఆపరేషన్ చేయించుకున్న రోగులను కార్న్‌బ్లమ్, ఫిష్‌గ్రండ్ తదితరులు ఇంకా చాలా ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో, ఎముక గట్టిగా అతికినవారిలో 86 శాతం మంది బాగున్నారు. అతకనివారిలో ఆ సంఖ్య 56 శాతానికి పడిపోయింది. అతుకు విలువ ఆలస్యంగా బయటపడిందన్నమాట. ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఈ జబ్బులో దీర్ఘకాలంలో రోగిని నిలబెట్టేది గట్టి అతుకు అనీ, ఆ అతుకు అవకాశాన్ని పెంచడంలోనే లోహానికి విలువ ఉందనీ అర్థమవుతుంది.

అలాగని లోహం పెంచుకుంటూ పోతే మేలు పెరుగుతూ పోదు. స్వీడన్‌లో పీటర్ ఫ్రిట్జెల్ బృందం దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో మూడు పద్ధతులను పోల్చి 2002లో ప్రచురించింది. ఒట్టి ఎముక మాత్రమే పరచినవారిలో 72 శాతం, స్క్రూలు కూడా వాడినవారిలో 87 శాతం, స్క్రూలతో పాటు పూసల మధ్య కూడా ఎముక అమర్చినవారిలో 91 శాతం మందికి అతుకు పడింది. నొప్పి తగ్గడంలో మాత్రం మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆపరేషన్ ఎంత జటిలమైతే చిక్కులు అంత పెరిగాయి. ఇది చదివాక నాకు తట్టిన ప్రశ్న ఇంప్లాంట్ గురించి కాదు, ఆ రోగుల నొప్పికి మూలం ఆ పూసల కదలికేనా అన్నది. నొప్పి అక్కడి నుంచి రాకపోతే ఆ చోటును ఎంత గట్టిగా బిగించినా నొప్పి పోదు.

ఎవరికి ఫ్యూజన్ అవసరమన్న ప్రశ్న మీద పరిశోధన ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. అరిగిన డిస్క్ వల్ల ఒట్టి నడుము నొప్పి మాత్రమే ఉన్నవారిలో, 2001 నాటి స్వీడన్ అధ్యయనం ఆపరేషన్‌కు అనుకూలంగా వచ్చింది. అయితే అక్కడ పోల్చింది మామూలుగా ఇచ్చే ఫిజియోథెరపీతో. ధైర్యం చెప్పి, భయం పోగొట్టి, క్రమశిక్షణతో వ్యాయామం చేయించే పునరావాస చికిత్సతో పోల్చిన నార్వే అధ్యయనంలో 2003లోనూ, బ్రిటన్ అధ్యయనంలో 2005లోనూ తేడా లేకపోవడమో, చాలా స్వల్పంగా ఉండడమో జరిగింది. నరాల దారి ఇరుకై కాళ్లలో నొప్పి ఉన్నవారి మీద 2016లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలను ప్రచురించింది. స్వీడన్‌లో 247 మంది మీద జరిగిన దానిలో ఒత్తిడి తొలగించడంతో పాటు ఫ్యూజన్ కూడా చేయడం వల్ల రెండేళ్లకు అదనపు మేలు కనిపించలేదు. అమెరికాలో 66 మంది మీద జరిగిన దానిలో ఫ్యూజన్ చేయించుకున్నవారి శారీరక ఆరోగ్యం కొంత మెరుగ్గా ఉంది, నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు కూడా తక్కువ. 2021లో నార్వే నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం, ఒక పూస జారి ఉన్నవారిలో సైతం, ఒత్తిడి మాత్రమే తొలగించడం ఫ్యూజన్‌కు ఏమీ తీసిపోదని తేల్చింది.

అయితే నేనెందుకు చేయించుకున్నాను అని అడగడం న్యాయమే. నా ఎక్స్‌రేల్లో ముందుకు వంగినప్పుడు నాలుగో పూస అయిదో దాని మీద స్పష్టంగా జారేది, వెనక్కి వంగితే తిరిగి వచ్చేది. కాలిలోకి దిగే నొప్పి ఆ కదలికతోనే ముడిపడి ఉండేది. ఫిజియోథెరపీ నెలల తరబడి నిజాయితీగా చేశాను. కదలిక స్పష్టంగా ఉన్న చోట ఒత్తిడి మాత్రమే తీస్తే జారుడు పెరగవచ్చన్న సర్జన్ వాదన నాకు సబబుగా తోచింది. నేను మొదట కలిసిన మరొక సర్జన్ ఈ ఎక్స్‌రేలు తీయించకుండానే ఇంప్లాంట్ల కేటలాగు తెరిచి, తక్కువ రకం, మధ్య రకం, మేలు రకం అని మూడు ధరలు చెప్పారు. మేలు రకం అన్న మాట ఇంటిల్లిపాదినీ ఎలా పట్టుకుంటుందో అప్పుడే చూశాను. ఖరీదైనది పెట్టించకపోతే అన్యాయం చేసినట్టవుతుందని ఇంట్లో వారు బాధపడ్డారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కాని ఆ ప్రేమ ఒక స్క్రూ ధర చుట్టూ తిరిగేలా ఆ సంభాషణను మలచడం తప్పని మాత్రం గట్టిగా చెబుతాను.

ఎముక పెరగడానికి లోహం ఏమీ చేయలేదు కాబట్టి, పెరిగేలా చేసే పదార్థం మీద ఆశలు పెట్టుకోవడం సహజం. రోగి తుంటి ఎముక అంచు నుంచి తీసిన ఎముకే ఇప్పటికీ మేలైన కొలబద్ద. అందులో బతికిన కణాలు, పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్లు, నిర్మాణానికి ఆధారం, మూడూ ఉంటాయి. తీసిన చోట నొప్పి కొందరికి చాలా కాలం మిగలడం దాని లోపం. దానికి ప్రత్యామ్నాయంగా ఆర్‌హెచ్‌బీఎంపీ-2 అనే ప్రొటీన్‌ను 2002లో ఎఫ్‌డీఏ నడుములో ముందు వైపు నుంచి చేసే ఫ్యూజన్‌కు, నిర్దిష్టమైన ఒక కేజ్‌తో కలిపి అనుమతించింది. అది ఎముకను నిజంగానే పెంచుతుంది. అనుమతి లేని చోట్ల కూడా కొద్ది ఏళ్లలోనే దాన్ని విస్తారంగా వాడారు. కంపెనీ నిధులతో జరిగిన తొలి అధ్యయనాలు ఆ ప్రొటీన్ వల్ల ఒక్క దుష్ఫలితాన్నీ నమోదు చేయలేదు. 2011లో యూజీన్ కారజీ బృందం ఆ సమాచారాన్ని తిరిగి పరిశీలించి, వాడిన పద్ధతిని బట్టి దుష్ఫలితాలు 10 నుంచి 50 శాతం దాకా ఉన్నాయని అంచనా వేసింది. కావలసిన చోట కాక నరాల పక్కన ఎముక పెరగడం, ఉన్న ఎముక కరిగి కేజ్ కుంగడం, పురుషుల్లో వీర్య విసర్జనకు సంబంధించిన ఇబ్బంది వాటిలో కొన్ని. శక్తిమంతమైన మందును ఎక్కడ ఆపాలో తెలియకుండా వాడితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. పెడికిల్ స్క్రూల చరిత్ర కూడా ఇలాంటిదే. అమెరికాలో ఆ వాడకానికి అనుమతి లేకుండానే 1990ల దాకా వేలమందికి బిగించారు, ఆ దశాబ్దంలో వ్యాజ్యాలు వెల్లువెత్తాయి, 1998లో గాని ఎఫ్‌డీఏ వాటి వర్గీకరణను సవరించి దారి సుగమం చేయలేదు. స్క్రూలు తరువాత మంచివేనని రుజువయ్యాయి. కాని రుజువు వాడకం వెనుక నడిచి రావడం రోగుల మీద ప్రయోగమే అవుతుంది.

ఎముక అతుకును నిజంగా ప్రభావితం చేసే విషయాలు అమ్మకానికి దొరకవు. వాటిలో మొదటిది పొగ. నికోటిన్ చిన్న రక్తనాళాలను ముడుస్తుంది, కొత్త ఎముకకు రక్తం చేరనివ్వదు. స్టీవెన్ గ్లాస్‌మన్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, స్క్రూలు బిగించిన ఫ్యూజన్ తరువాత అతుకు పడనివారు పొగ తాగనివారిలో 14.2 శాతం, ఆపరేషన్ తరువాత కూడా తాగుతూనే ఉన్నవారిలో 26.5 శాతం. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకు పైగా మానినవారిలో అది 17.1 శాతానికి దిగింది. ఒక కేజ్ నుంచి మరో కేజ్‌కు మారడం వల్ల ఇంత తేడా వస్తుందని చూపిన అధ్యయనం నా కంటపడలేదు. రెండోది ఎముక సాంద్రత. గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు పోతుంది, కేజ్ దిగబడుతుంది. నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ ముందుగా ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష చేయించి, విటమిన్ డీ స్థాయి సరిచేయించి, ఆ తరువాతే తేదీ నిర్ణయించారు. ఆ ఆలస్యానికి ఇంట్లో విసుగు కలిగినా, ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. సాంద్రత బాగా తగ్గినవారిలో రంధ్రాలున్న స్క్రూల గుండా ఎముక సిమెంటు పంపి పట్టు పెంచే పద్ధతి ఉంది, అది అవసరమైనప్పుడు మంచిదే. అయినా ఎముకకు ముందే మందు ఇచ్చి బలపరచగలిగితే అదే మేలు. మధుమేహం అదుపులో ఉండడం మూడోది, ఎందుకంటే అది అదుపు తప్పితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ సోకితే సూక్ష్మజీవులు లోహం మీద జిగట పొర కట్టుకుని మందుకు లొంగకుండా కూర్చుంటాయి.

ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గింది కాబట్టి అంతా అయిపోయిందనుకోవడం సాధారణం. నొప్పి తగ్గడానికి నరం మీది ఒత్తిడి పోవడం చాలు, అది ఆపరేషన్ బల్ల మీదే జరిగిపోతుంది. ఎముక అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మామూలు ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లని గీత కనిపిస్తే అది వదులైందని అనుమానించాలి. వంగి, లేచి తీసిన ఎక్స్‌రేల్లో కదలిక ఉందో లేదో చూడవచ్చు. గట్టి అతుకును చూపడానికి పలుచని కోతల సీటీ స్కాన్ అన్నిటికన్నా నమ్మదగినది. నా సీటీలో కేజ్ లోపలి ఖాళీ గుండా పై పూస నుంచి కింది పూస దాకా తెల్లని ఎముక నిరాటంకంగా కనిపించినప్పుడు కలిగిన సంతోషం, ఆపరేషన్ అయిన మర్నాడు స్క్రూలు చక్కగా ఉన్నాయని విన్నప్పటి సంతోషం కన్నా చాలా పెద్దది.

గట్టిగా అతికిన తరువాత కూడా మిగిలే బాధ్యత ఒకటి ఉంది. రెండు పూసలు ఒకటైపోయాక, వాటి మధ్య ఉండే కదలిక పై పూసకూ కింది పూసకూ పంచుకోబడుతుంది. గిసెల్లి బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నడుము ఫ్యూజన్ అయినవారిలో పక్క పూసల దగ్గర మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం అయిదేళ్లలో 16.5 శాతం, పదేళ్లలో 36.1 శాతం. ఇందులో వయసుతో సహజంగా వచ్చే అరుగుదల వాటా ఎంత, ఫ్యూజన్ వాటా ఎంత అన్నది ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. ఏదేమైనా, ఒక పూసకు సరిపోయే చోట మూడు పూసలను బిగించడాన్ని ముందుజాగ్రత్త అనడం నాకు అంగీకారం కాదు.

ఎముక అతికాక స్క్రూలు తీసేయాలా అని చాలామంది అడుగుతారు. ఇబ్బంది పెట్టకపోతే తీయనక్కరలేదు, తీయడం కూడా ఒక ఆపరేషనే. టైటానియం అయస్కాంతానికి లొంగదు కాబట్టి ఎంఆర్ఐ తీయించుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, లోహం చుట్టూ బొమ్మ మసకబారుతుందంతే. అయినా స్కాన్ చేసేవారికి ముందే చెప్పి తీరాలి.

కంపెనీ పేరు రోగికి నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఏ ఏళ్లకో స్క్రూ వదులై మార్చవలసి వచ్చినా, పక్క పూస దాకా రాడ్‌ను పొడిగించవలసి వచ్చినా, ఆ స్క్రూ తలలోకి దిగే డ్రైవర్ ఒక్కో కంపెనీకి ఒక్కో ఆకారంలో ఉంటుంది. ఏ కంపెనీదో, ఏ శ్రేణిదో, రాడ్ మందం ఎంతో తెలిస్తే సర్జన్ సరైన పనిముట్లు ముందే తెప్పించుకుంటారు. తెలియకపోతే ఎక్స్‌రే చూసి ఊహించాలి, లేదా రాడ్‌ను కోసి, ఎముకను మరింత తవ్వి తీయాలి. అమెరికాలో ఎఫ్‌డీఏ 2013లో ప్రతి వైద్య పరికరానికీ విడి గుర్తింపు సంఖ్య ఉండాలన్న నిబంధన తెచ్చింది. యూరోపియన్ యూనియన్ 2017 నాటి చట్టంలో ఇంప్లాంట్ పెట్టించుకున్న రోగికి దాని వివరాల కార్డు ఇవ్వాలని రాసింది, అయితే స్క్రూల వంటి కొన్ని చిన్న భాగాలను దాని నుంచి మినహాయించింది. అంటే ఎవరికైతే ఆ వివరం ఎక్కువగా కావాలో వారికే అది అందకపోయే అవకాశం ఉంది. ఇంప్లాంట్ పెట్టె మీద అంటించి వచ్చే స్టిక్కర్లలో తయారీదారు పేరు, లాట్ సంఖ్య, కొలతలు అన్నీ ఉంటాయి. ఆపరేషన్ థియేటర్‌లో వాటిని కేసు షీట్‌లో అతికిస్తారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం తరచుగా ఫ్యూజన్ చేయబడింది అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. నేను ఇంటికి వెళ్లేముందు ఆ స్టిక్కర్లున్న పుట నకలు అడిగి తీసుకున్నాను. అడిగితే ఇచ్చారు. ఇప్పుడు అది నా మొదటి ఎక్స్‌రే, చివరి సీటీ ఉన్న ఫైలులోనే ఉంది, దాని ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంది.